సాగనంపే రాత్రి ఒకటి కావాలి

తెలంగాణ భాషా సాంస్కృతిక శాఖ సంచాలకులు గారికి,
లింగాల ఘనపూర్ మండలం నుంచి ఒక శ్రోత రాస్తున్న బహిరంగ లేఖ

గౌరవనీయ సంచాలకులు గారూ,

జనగామకు మంత్రి వస్తే ఒగ్గుడోలు ఉంటుంది. కొత్త భవనానికి రిబ్బన్ కత్తిరిస్తే ఒగ్గుడోలు ఉంటుంది. అవతరణ దినోత్సవం, బోనాల ఊరేగింపు, పార్టీ సభ, ఈ మధ్య పెండ్లి బరాతు కూడా. పసుపు పూసుకుని, గజ్జెలు కట్టుకుని, ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి డోలు కొట్టే పిల్లలను చూస్తే ఎవరి కాళ్లూ ఊరికే ఉండవు. వాళ్ల చేతికి నాలుగు రూపాయలు వస్తున్నాయి, నాకు సంతోషమే. కానీ కారు దిగిన పెద్దమనిషి వేదిక ఎక్కగానే డోలు ఆగిపోవాలి. అక్కడి నుంచి మైకు ఉపన్యాసాలది. ఆ డోలు ఒగ్గుకథకు తోడుగా పుట్టిందని, ఆ కథను మొదలు నుంచి చివరిదాకా చెప్పగలిగినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారని ఆ వేదిక మీద ఎవరికీ గుర్తుకు రాదు.

ఈ ఉత్తరం ఆ చెప్పగలిగినవాళ్ల గురించి. అందులోనూ, వాళ్లు డోలు కింద పెట్టే రోజు గురించి. ఉద్యోగి రిటైరైతే దండ, శాలువా, గ్రూపు ఫొటో, ఆఫీసులో అందరికీ భోజనం. కథకుడికి అలాంటి రోజు లేదు. ఏదో ఒక ఊళ్లో, ఏదో ఒక పండుగకు, ఒక రాత్రి కథ చెప్పి ఇంటికి వస్తాడు. మరుసటి ఏడాది మోకాళ్లు లేవవు, గొంతు సహకరించదు. పోయినసారి చెప్పిందే ఆఖరిదని అప్పుడు తెలుస్తుంది. విన్నవాళ్లకు అప్పుడు కూడా తెలియదు.

మా మండలంలో మాణిక్యాపురం అనే ఊరుంది. చుక్క సత్తయ్య అక్కడ 1935 మార్చి 29న పుట్టారు. చిన్నతనంలోనే ఒగ్గుకథలో దిగారు. నిలబడి చెప్పుకుపోయే కథలోకి నటన తెచ్చారు. మల్లన్న గురించి చెబుతూ చెబుతూ తానే మల్లన్న అయిపోయి, మరుక్షణం మల్లన్నను నిలదీసే ఆడమనిషి అయిపోయేవారు. తెలుగు విశ్వవిద్యాలయంలో ఒగ్గుకథ నేర్పారు. కాకతీయ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 2014 సంవత్సరానికి సంగీత నాటక అకాడమీ పురస్కారం వచ్చింది. 2017 నవంబర్ 9న కన్నుమూశారు. ఆయన పన్నెండు వేలకు పైగా ప్రదర్శనలు ఇచ్చారని పత్రికలు రాశాయి. రోజుకొకటి చొప్పున, పండుగా పబ్బమూ లేకుండా చెప్పినా ముప్ఫై మూడేళ్లకు గానీ ఆ లెక్క తేలదు.

అంతటి మనిషికి పురస్కారాలు ఇచ్చాం, సంతాపాలు తెలిపాం. ఆయన కథ విషయానికొస్తే, క్యాసెట్ కోసం కుదించినవి, టీవీ కోసం కత్తిరించినవి, సభల్లో పదిహేను నిమిషాల్లో ముగించినవి మనకు దొరుకుతాయి. ఊరి నడుమ, జనం నడుమ, తెల్లారేదాకా నడిచే కథ వేరు. రెండింటికీ తేడా మీకు తెలిసే ఉంటుంది. మీ ఫైలు మీద సంతకం పెట్టాల్సిన ఆర్థిక శాఖ వారికి తెలియకపోవచ్చు. అందుకని కొంచెం విడమరిచి రాస్తున్నాను.

ఒగ్గు పూజారి ముందు పట్నం వేస్తాడు. పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఆకుపొడి పిడికిట్లోంచి సన్నగా జారుస్తూ నేల మీద గీతలు పరుస్తాడు. చేతిలో కొలబద్ద లేదు, ముందు పెట్టుకున్న బొమ్మా లేదు. అది అయ్యాక కథ. ప్రధాన కథకుడు, పక్కన వంత, వెనక డోలు, తాళం, కంజీర, నపీర. డోలుకు ఒకవైపు పుల్ల, రెండోవైపు అరచెయ్యి. మల్లన్న కథే తీసుకోండి. బలిజ మేడలమ్మతో పెండ్లి ఘట్టం తీరిగ్గా చెబితే ఒక రాత్రి పడుతుంది, గొల్ల కేతమ్మది ఇంకో రాత్రి. కథకుడు ఒక మాట విసురుతాడు. వంత దాన్ని అందుకుంటాడు, లేదా ఎదురు ప్రశ్న వేసి కథకుణ్ని ఇరుకున పెడతాడు. ఆ ఇరుకులోంచి బయటపడే దారి కథకుడు అక్కడికక్కడే వెతుక్కోవాలి. ముందు వరుసలో ఎవరైనా కునుకు తీస్తే, పేరు పెట్టి పిలిచి, మల్లన్న గొర్రెల మందకు కాపలా పెట్టేస్తాడు. ఊరంతా నవ్వుతుంది, కునికినవాడు తెల్లారేదాకా మళ్లీ కన్ను మూయడు. ఆ ఏడు వాన పడకపోతే వాన గురించి, సర్పంచి మీద జనం కోపంగా ఉంటే ఆ సంగతి గురించి, కథలోనే ఒక సందు చూసుకుని రెండు మాటలు పడతాయి. అర్ధరాత్రి దాటాక చెప్పే తీరు మారుతుంది. దుఃఖపు ఘట్టాలు ఆ వేళకే తెస్తాడు, అప్పటికి జనం ఆయన చేతిలో ఉంటారు కాబట్టి. ఇదంతా కాగితం మీద రాసి లేదు. నేటి రాత్రి చెప్పిన మేడలమ్మ పెండ్లి రేపటి రాత్రి చెప్పే దానిలా ఉండదు. పదిహేను నిమిషాల ముక్కలో కథ ఎక్కడికి పోతుందో చూపించొచ్చు, కథకుడు దాన్ని ఎట్లా నడిపిస్తాడో చూపించలేం.

ఈ చోట అమెరికా వాళ్ల జాజ్ ప్రస్తావన తెస్తున్నాను. మా మండలానికి జాజ్‌కూ ఏం సంబంధం అని మీరు నవ్వవచ్చు. 1983లో పాలకొల్లు నుంచి వచ్చిన పద్నాలుగేళ్ల మాండలిన్ శ్రీనివాస్‌ను బెర్లిన్ జాజ్ ఉత్సవానికి పిలిచి కర్ణాటక సంగీతం వాయించమన్నప్పుడు ఆ ప్రశ్న వాళ్లు వేయలేదు. అప్పటికప్పుడు అల్లే సంగీతం ఎక్కడ ఉన్నా వాళ్లకు చుట్టమే. జాజ్‌లో కూడా పాట ఒక ఆధారం మాత్రమే. దాని మీద ఒకడు వాయిస్తే ఇంకొకడు బదులిస్తాడు, నిన్నటిది నేడు వాయించడు. పైగా అది పుట్టింది బానిసత్వం నుంచి బయటపడిన నల్లజాతి వాళ్ల ఇళ్లలో, ఊరేగింపుల్లో, చావుల్లో. న్యూ ఆర్లియన్స్‌లో సంగీతకారుడు పోతే తోటి బ్యాండు వాళ్లు శ్మశానం దాకా నెమ్మదిగా, భారంగా వాయిస్తూ నడుస్తారు. సమాధి పని అయ్యాక తిరుగుదారిలో హుషారైన పాట ఎత్తుకుంటారు, వెనక జనం చిందేస్తూ వస్తారు. శవం ముందు డప్పు నడిచే ఊళ్లలో పెరిగిన మనకు ఇది వింతగా తోచదు.

నేను అడుగుతున్నది మాత్రం ఆ ఊరేగింపు లాంటిది కాదు. చనిపోయినవాడికి చేయవలసింది మన ఊళ్లకు బాగానే తెలుసు.

జాజ్‌కు ఆదిపురుషుడిగా చాలామంది చెప్పే పేరు బడ్డీ బోల్డెన్. న్యూ ఆర్లియన్స్‌లో 1900 ప్రాంతంలో కార్నెట్ వాయించేవాడు. అతను ఊదితే ఊరి ఈ చివర నుంచి ఆ చివర దాకా వినపడేదని కథలు కథలుగా చెప్పుకునేవారు. 1907లో మతి చలించి ఆసుపత్రిలో పడ్డాడు, 1931లో అక్కడే పోయాడు. జాజ్ మొదటి రికార్డు 1917లో వచ్చింది. బోల్డెన్ వాయించినది ఒక్క నిమిషం కూడా మిగలలేదు. బ్యాండుతో దిగిన ఒక ఫొటో ఉంది, అంతే. పెద్ద వ్యాపారంగా ఎదిగిన సంగీతానికి మొదటి మనిషి గొంతు లేదు. అతని కాలంలో వాళ్ల దగ్గర యంత్రాలు అప్పుడప్పుడే వస్తున్నాయి, ఆ మాత్రం సాకు ఉంది. మా ఊళ్లో గొర్రెలు కాసే పిల్లవాడి జేబులో కూడా ఇవాళ కెమెరా ఉంది. మనం ఏ సాకు చెప్పాలి?

ఇంకొకతని సంగతి నాకు మరీ ఇష్టం. బంక్ జాన్సన్ అని ట్రంపెట్ వాయించేవాడు. తన వయసు గురించి, తన గొప్పల గురించి కొంచెం ఎక్కువే చెప్పుకునేవాడంటారు, కళాకారుల్లో అది మామూలే లెండి. ఒక రాత్రి బ్యాండు గొడవలో ట్రంపెట్ పోయింది, పండ్లూ పోయాయి. పండ్లు లేకపోతే పెదవి నిలవదు, ట్రంపెట్ పలకదు. లూసియానా రాష్ట్రంలోని న్యూ ఐబీరియాలో కూలి పనులు చేసుకుంటూ బతికాడు. 1930ల చివర్లో జాజ్ పాత చరిత్ర వెతుకుతున్న కొందరు అతని జాడ పట్టుకున్నారు. వాళ్లు అతనికి సన్మానం చేయలేదు. చందాలు వేసుకుని పండ్ల సెట్టు కట్టించారు, ట్రంపెట్ కొనిచ్చారు. ఆ పండ్లు కట్టిన డాక్టరు లెనార్డ్ బెషే, గొప్ప జాజ్ కళాకారుడు సిడ్నీ బెషేకు సొంత అన్న. 1942లో బంక్ జాన్సన్ మొదటిసారి రికార్డు అయ్యాడు. 1949లో పోయేలోపు అతను వాయించింది విని ఒక తరం మళ్లీ పాత జాజ్ వైపు తిరిగింది.

సంచాలకులు గారూ, మన వృద్ధ కళాకారుల పథకాల్లో పండ్ల సెట్టు అనే పద్దు ఎప్పుడైనా ఉందా? ఒగ్గు కథకుడికి ముందు పండ్లు రెండు రాలితే మాట జారిపోతుంది, వంతకు చెవి మందగిస్తే బదులు తప్పిపోతుంది. శాలువాకు పెట్టే ఖర్చుకు ఇంకొంత కలిపితే చెవి మిషన్ వస్తుంది. శాలువా బీరువాలోకి పోతుంది, చెవి మిషన్ కథలోకి వస్తుంది.

ఇక కథ చెప్పే చోటు సంగతి. హైదరాబాద్‌లో మీ రవీంద్రభారతి 1961లో మొదలైంది. అదే ఏడాది న్యూ ఆర్లియన్స్‌లో ప్రిజర్వేషన్ హాల్ అనే చిన్న గది తెరిచారు. బల్లలు, పాత గోడలు, కొద్దిమందికే చోటు. వేదికలు మూసుకుపోయిన ముసలి జాజ్ వాళ్లు రాత్రిళ్లు వాయించుకోవడానికి పెట్టిన గది అది. ఇప్పటికీ నడుస్తోంది. రవీంద్రభారతిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు, ఆ హాలు ఎందరినో నిలబెట్టింది. కానీ ఒగ్గుకథకు అక్కడ దొరికేది రెండు కార్యక్రమాల నడుమ సందు. అమెరికా ప్రభుత్వం కూడా ముసలి కళాకారుల విషయంలో ఆలస్యంగానే కళ్లు తెరిచింది. 1982 నుంచి జాజ్ మాస్టర్స్ పేరుతో ఏటా కొందరిని గౌరవిస్తోంది. బతికున్నవారికే ఇస్తారు. 25,000 డాలర్లు ఇస్తారు, వాళ్ల కోసం కచేరి పెడతారు, స్మిత్సోనియన్ సంస్థ వాళ్లను కూర్చోబెట్టి జీవితం మొత్తం చెప్పించుకుని రికార్డు చేస్తుంది. డబ్బు ఒక్కటే ఇస్తే మనిషికి మేలు, కళకు పెద్దగా ఏమీ లేదని వాళ్లకు అర్థమైనట్టుంది.

మన దగ్గర డబ్బు సంగతి కొంత మెరుగుపడింది, కాదనను. మా జిల్లాలోనే దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లెకు చెందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. పద్మశ్రీ పొందిన కళాకారులకు రాష్ట్ర ప్రభుత్వం 25 లక్షల రూపాయలు, నెలకు 25,000 పింఛను ప్రకటించింది. మంచి పని. అదే 2024లో జూన్‌లో కోయ డోలు కళాకారుడు సకిని రామచంద్రయ్య పోయారు. సమ్మక్క సారలమ్మల కథను కోయ పాటలో నిలబెట్టుకున్నవాళ్లలో ఆయన ఒకరు. అక్టోబరులో గుస్సాడీ నృత్య కళాకారుడు కనకరాజు పోయారు. ఇద్దరూ పద్మశ్రీలే. వాళ్లకంటే ముందే, 1990లో మారిషస్ ప్రపంచ తెలుగు మహాసభల దాకా ఒగ్గుకథను తీసుకెళ్లిన మిద్దె రాములు 2010లో వెళ్లిపోయారు. ఢిల్లీలో సంగీత నాటక అకాడమీ వాళ్లు డెబ్బై అయిదు దాటినా ఏ జాతీయ గుర్తింపూ దక్కని 84 మందిని వెతికి 2023లో అమృత్ పురస్కారాలు ఇచ్చారు. అంతమంది మిగిలిపోయారంటే మన ఆలస్యం ఎంతటిదో చూడండి. దింపుడుకల్లం దగ్గర పాడె దించి చెవిలో పేరు పిలుస్తాం కదా, మన సన్మానాలు చాలావరకు ఆ పిలుపులే.

అందుకని నా విన్నపం ఒక్కటే. కథ చాలిస్తున్న ప్రతి పెద్ద కథకుడికి, ఆయన సొంత ఊళ్లో, ఆయన ఎంచుకున్న కథతో, ఒక పూర్తి రాత్రి ఇవ్వండి. సాగనంపే రాత్రి. ఒగ్గు మొదలుపెట్టండి, చిందు, శారద, గొల్లసుద్దులు తర్వాత కలుపుకోవచ్చు. ఉమ్మడి వరంగల్‌లో ఏడాదికి ముగ్గురు నలుగురు అయితే చాలు, ఒకేసారి పెద్ద పథకం పేరు పెట్టి బ్యానరు కట్టక్కర్లేదు. మేళం మొత్తానికి డబ్బు ఇవ్వండి, కథకుడికి మాత్రమే కాదు. వంత లేని కథకుడు ఒంటి చేత్తో చప్పట్లు కొట్టలేడు. ఆ రాత్రి నడిమి జాములో శిష్యుడు కథ అందుకుంటే, గురువు వంతగా పక్కకు జరిగితే, అంతకు మించిన పట్టా ఏ విశ్వవిద్యాలయమూ ఇవ్వలేదు.

రికార్డు చేయడం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కథకుడికి ఒక మైకు, వంతకు ఒకటి, డోలుకు ఒకటి, జనానికి ఒకటి. జనానికి ఎందుకని మీ సాంకేతిక సిబ్బంది అడుగుతారు. నవ్వు వినపడకపోతే కథకుడు అక్కడ ఎందుకు ఆగాడో యాభై ఏళ్ల తర్వాత వినేవాడికి అర్థం కాదు. కెమెరా వేదిక మీదే కాకుండా ఒకటి జనం వైపు తిప్పాలి. పట్నం వేసేటప్పటి నుంచి మంగళహారతి దాకా ఒక్క నిమిషం కత్తిరించకూడదు. వరంగల్‌లో తెలుగు విశ్వవిద్యాలయం వారి జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది. ఆ మాటలన్నీ రాయించే పని వాళ్లకు అప్పగించండి, అక్కడి విద్యార్థులకు అంతకంటే మంచి పాఠం ఏముంటుంది. ఆ విశ్వవిద్యాలయానికి ఇప్పుడు సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు ఉంది. ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాసిన ఆయన పేరుకు ఈ పని తగినదే. నకలు ఒకటి కథకుడి ఇంటికి చేరాలి, వాళ్లను అడగకుండా ఎవరూ వాడుకోకూడదు.

ఒక జాగ్రత్త కూడా ఉంది. బీరప్ప కథ, మల్లన్న కథ కురుమ, గొల్ల ఇండ్లలో కొలుపు. అది పూజ, వినోదం కాదు. ఏ ఘట్టం కెమెరా ముందు చెప్పాలో, ఏది చెప్పకూడదో తేల్చేది ఒగ్గు పూజారి. మీ శాఖ గానీ, నాలాంటి శ్రోత గానీ కాదు.

పిల్లలు నేర్చుకోవడం లేదు, ఎవరి కోసం ఇదంతా అనే మాట మీ సమీక్షా సమావేశంలో ఎవరో ఒకరు అంటారు. పిల్లలు డోలు నేర్చుకుంటున్నారు, ఎంత బాగా నేర్చుకుంటున్నారో మీ సభల్లోనే చూస్తున్నారు. కథ నేర్చుకోవడం లేదు, ఎందుకంటే డోలుకు డబ్బు ఇచ్చి కథకు ఇవ్వనిది మనమే. పదేళ్లు కూర్చుని నేర్చుకున్న కథను పది నిమిషాల్లో ముగించమంటే ఏ తెలివిగల కుర్రవాడైనా డోలు దగ్గరే ఆగిపోతాడు. వాళ్లను తప్పు పట్టకండి. డబ్బు లేదనే మాట కూడా వద్దు. సాంస్కృతిక సారథిలో 550 మంది కళాకారులను జీతాల మీద పెట్టుకుని పథకాల ప్రచారం చేయించిన రాష్ట్రం మనది. ప్రచారం తప్పని నేను అనను. మా పక్కనున్న సుద్దాల ఊరి హనుమంతు గొల్లసుద్దుల్ని తెలంగాణ సాయుధ పోరాటం మీదికి తిప్పారు. జానపదం ఎప్పుడూ కాలానికి జవాబు చెప్పింది. కానీ అది చెప్పగలిగింది, పాత కథ మొత్తం వాళ్ల గొంతులో ఉంది కాబట్టి.

మొదటి రాత్రి మాణిక్యాపురంలో పెడితే బాగుంటుంది. సత్తయ్య గారి ఊరు, అడగకుండానే మండలమంతా వస్తుంది. సంక్రాంతి నుంచి ఉగాది దాకా కొమురవెల్లి జాతర, ఒగ్గు వాళ్లకు ఊపిరి సలపదు, అప్పుడు పిలవకండి. ఉగాది దాటాక, యాసంగి వరికోతలు ముమ్మరం కాకముందు పది పదిహేను రోజుల వెసులుబాటు ఉంటుంది. ఎండలు పెరిగినా రాత్రిళ్లు బాగానే ఉంటాయి. కథ అన్నాలయ్యాక, తొమ్మిదిన్నర పదింటికి మొదలవుతుంది. జ్యోతి ప్రజ్వలన, అతిథుల పరిచయం, వందన సమర్పణ, ఇవేవీ వద్దు. ఫ్లెక్సీ తప్పదంటే కథకుడి ఫొటో ఒక్కటి వేయండి, మిగతావాళ్లవి మాకు రోజూ కనపడుతూనే ఉంటాయి. నీళ్లు, చాయ్ మేం చూసుకుంటాం. కరెంటు పోకుండా జనగామ విద్యుత్ శాఖ వారికి ఒక ఉత్తరం మీరు రాస్తే మేలు.

మీరు కూడా రండి. కుర్చీ ఉంటుంది కానీ, కింద కూర్చుంటే కథ బాగా వినపడుతుంది. నిద్ర వస్తే జాగ్రత్త, పేరు అడిగి తెలుసుకుని మల్లన్న మందలోకి తోలేస్తారు. డబ్బు చెక్కు రూపంలో నెలల తర్వాత కాకుండా, మేళం డోలు విప్పి బండిలో పెట్టుకునేలోపే చేతికి అందేట్టు చూడండి. ముసలి కథకులు మళ్లీ మళ్లీ హైదరాబాద్ రాలేరు.

ఇట్లు,
లింగాల ఘనపూర్ మండలం నుంచి,
ఒక శ్రోత